పుంత పక్కన మిగిలిన చుక్క

బెర్లిన్,
3 జూలై 2025

అత్తా,

ఉత్తరం చూడగానే గుండె మీద చెయ్యి వేసుకోకు. నేను బాగానే ఉన్నాను. నా ఫోను ఒక స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించేశాను, అందుకే ఈ కాగితం. ఈ ఏడాది పొడుగునా నాతో మాట్లాడాలంటే ఉత్తరమే రాయాలి. నాన్నకీ అదే రాశాను. కాకినాడలో ఆయన తల పట్టుకుని కూర్చుని ఉంటారు. చెల్లెలివి కదా, నువ్వే కాస్త సర్దిచెప్పు.

సంగతేమిటంటే, ఇక్కడ ఒక ఆర్ట్ సంస్థ వాళ్ళు నాకు రెసిడెన్సీ ఇచ్చారు, అంటే ఏడాదిపాటు వాళ్ళ దగ్గరే ఉండి బొమ్మలు వేసుకోవడం. దేశానికొకరు చొప్పున వచ్చిన కళాకారులం ఒక పాత సబ్బుల ఫ్యాక్టరీలో ఉంటున్నాం. అందరం పనిచెయ్యాల్సింది ఒకే విషయం మీద: యుద్ధంలో డ్రోన్లు, మామూలు రోజుల్లో నిఘా. ఫోనంటే మనమే డబ్బిచ్చి కొనుక్కున్న గూఢచారి అని మొదటి రోజే అందరం ఒప్పుకున్నాం. ఒప్పుకున్నాక ఇంకా వాడితే ఏం బాగుంటుంది?

నా పక్క గదిలో స్వీడన్ అబ్బాయి సీసీ కెమెరాలకి ఉన్ని టోపీలు అల్లుతున్నాడు. ఎదురు గదిలో ఒకావిడ చీకట్లో డ్రోను చప్పుడు పెట్టి, వచ్చినవాళ్ళని చాప మీద పడుకోబెడుతోంది. నేనూ పడుకున్నాను. మొదట భయమేసింది, తర్వాత హాయిగా నిద్ర పట్టేసింది. ఆ మాట ఆవిడతో అనలేదు. హమీద్ అని ఇంకొకాయన ఉన్నాడు. వాళ్ళ ఊరి మీద నిజంగానే డ్రోన్లు తిరిగేవి, బాంబులు వేసేవి. ఆయన మాత్రం ఏ పనీ మొదలుపెట్టలేదు. మెట్ల కింద కుర్చీ వేసుకుని టీ తాగుతూ కూర్చుంటాడు. ఇంత మంచి అనుభవం ఉండి కూడా వాడుకోవడం లేదని సంస్థవాళ్ళకి ఆయన మీద కొంచెం కోపం.

నేను ఒక పెద్ద తెల్లగుడ్డ మీద డ్రోను నీడ వేస్తున్నాను. పేరు 'ఆకాశం నన్ను చూస్తోంది'. ఎగ్జిబిషన్‌లో ఏది ఉండాలో ఏది ఉండకూడదో తేల్చే పెద్దావిడ ఉర్సులా అని ఉంది. ఆవిడ గుడ్డ చుట్టూ తిరిగి, "నీడ బాగుంది, దీని కింద మనుషులేరీ?" అంది. అందుకే నిన్ను అడుగుతున్నాను. మన ఊరి మీద డ్రోన్లు తిరుగుతున్నాయా? అవి వస్తే మీకెలా ఉంటుంది? భయమేస్తుందా? ఏదీ దాచకుండా రాయి. ఈ ఉత్తరాలు నువ్వూ నేనూ తప్ప ఎవరూ చూడరు. ఉత్తరంలో ఉన్న గొప్పతనమే అది.

నీ మేనకోడలు
మాధవి


మన ఊరు,
21 జూలై 2025

చిరంజీవి మాధవికి, గోదారి ఎర్రనీళ్ళు దిగిన రోజున అత్త రాస్తున్నది.

నీ ఉత్తరం నాకంటే ముందు వరప్రసాదం చదివాడు. కాలవ గట్టు మీద కాఫీ హోటలు వరప్రసాదమే. మన ఉత్తరాలన్నీ అక్కడే ఇచ్చేసి పోతారు కదా. వానకి తడిసిందని కవరు విప్పి పెనం పక్కన ఆరబెట్టాడట. ఆరబెట్టినవాడు ఊరుకున్నాడా, ఇడ్లీకి వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించాడు. నేను వెళ్ళేసరికి, "మాధవమ్మగారు ఫోను డబ్బాలో పెట్టేసేరంట కదండీ, అక్కడ దొంగలెక్కువాండీ?" అని పరామర్శ. ఆయ్ అన్నాను. మొహమాటానికి అవుననక ఇంకేమంటాను?

ఇక నీ ప్రశ్నలు. మన ఊళ్ళో డ్రోన్లు లేవు, డ్రోను ఉంది. ఒక్కటే. అది మన వసారాలోనే ఉంది. నడిపేది నేనే.

ఫోటోలు నీ వాట్సాప్‌కి పెట్టాను, ఒక్క టిక్కు పడి ఆగిపోయింది. డబ్బా సంగతి నాకేం తెలుసు? పొలాలకి మందు కొట్టే డ్రోన్లు ప్రభుత్వం డ్వాక్రా సంఘాలకి ఇస్తోంది. మా సంఘానికి ఒకటి వచ్చింది. ఎవరు నేర్చుకుంటారంటే అందరూ నేల చూపులు చూశారు. నేను మొహమాటానికి తలూపాను. ట్రైనింగుకి పంపారు, నీలం కోటు ఇచ్చారు. మొదటిసారి ఆ యంత్రం నా బొటనవేలి మాట విని పైకి లేచినప్పుడు నాకు నవ్వు ఆగలేదే. నేర్పించే కుర్రాడు, "ఏమైందండీ, ఏమైందండీ" అని హడలిపోయాడు. మీ మావయ్య పోయాక అంతలా నవ్వింది అదే.

ఈ వానాకాలం సార్వా పంట అయ్యేదాకా చూస్తారట. బాగా నడిపితే డ్రోను నా దగ్గరే ఉంచేస్తారు. లేకపోతే ఇంకొకరికి ఇస్తారు. అది పోయిందంటే నేను మళ్ళీ వసారాలో కూర్చుని వత్తులు చేసుకోవడమే. నాకది ఇష్టం లేదు. అందుకని ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుపుతున్నాను. ఊరి చివర పల్లెలో ఉండే కాంతమ్మ నాకు జంట. బ్యాటరీలు మార్చడం, మందు కలపడం ఆవిడ పని.

భయం అన్నావు. కోళ్ళకి భయం. పిల్లలు వెంటపడి పరిగెడుతున్నారు. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు మాత్రం, ఊళ్ళో అందరికంటే పెద్ద రైతు కదా, కొబ్బరితోటలో పేకాడుతూ డ్రోను చప్పుడు వినగానే నెత్తిన తువ్వాలు కప్పేసుకుంటున్నారు. నా రిమోటు మీద చిన్న తెర ఉంటుంది. అందులో తువ్వాలు కప్పుకుని కనిపించేది ఆయనొక్కరే. అందుకని పోల్చుకోవడం సులువు.

సబ్బుల ఫ్యాక్టరీలో ఉద్యోగం పర్మనెంటేనా? యుద్ధం అంటున్నావు, అక్కడ యుద్ధమైతే పెట్టె సర్దుకుని వచ్చెయ్యి. మెట్ల కింద కూర్చునే ఆయనకి ఉత్త టీ కాకుండా ఏమైనా పెట్టండి.

మీ అత్త
రాజ్యం


బెర్లిన్,
8 ఆగస్టు 2025

అత్తా,

నువ్వు నాకింత పని చేస్తావనుకోలేదు. నేనిక్కడ ఆకాశం మీద కేసు పెడుతుంటే నువ్వక్కడ ఆకాశంలో ఉద్యోగంలో చేరావు. నీ ఉత్తరం పట్టుకుని వంటగదిలో కూర్చుని ఏడ్చాను. నీ డ్రోను పురుగులమందే కొట్టచ్చు, కానీ ఆ చూపు ఒక్కటే కదా. పైనున్నవాడికి కిందివాడు చుక్కలా కనిపిస్తాడు. చుక్కని చంపడానికి మనసేం అడ్డొస్తుంది? ఈ మాట మీద నేను మొన్న గంటసేపు మాట్లాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. హమీద్ మాత్రం మధ్యలో లేచి టీకి వెళ్ళిపోయాడు.

నువ్వది మానెయ్యాలని రాద్దామనుకున్నాను. ఈలోగా ఏడుపెందుకని ఉర్సులా అడిగితే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. బాధితులు ఎక్కడైనా దొరుకుతారట, రిమోటు పట్టుకున్న మేనత్త ఏ ఎగ్జిబిషన్‌కీ దొరకలేదట. నా తెల్లగుడ్డ మడతపెట్టి బీరువాలో పెట్టేశారు. నాకు కొంచెం కష్టంగానే ఉంది, కానీ నిన్ను అడగమన్నారు కాబట్టి అడుగుతున్నాను.

పైనుంచి చూస్తే మన ఊరు ఎలా ఉంటుందో నువ్వు గీసి పంపాలి. పెద్దదిగా కావాలి, గోడంత. ఫోటో వద్దు. ఫోటో అయితే అది నిఘా. చేత్తో గీస్తే అది కళ. నీకు బొమ్మలు రావని బెంగపడకు. రాకపోతే మరీ మంచిదని ఉర్సులా అంటోంది. ఇంకొక్కటి. పైనుంచి చూస్తున్నప్పుడు నీకు కలిగే అపరాధ భావం కూడా గీతల్లో కనపడాలిట.

కోపంగానే, ప్రేమగా
మాధవి


మన ఊరు,
27 ఆగస్టు 2025

చిరంజీవి మాధవికి, వినాయకచవితి ఉండ్రాళ్ళు చేసిన చేత్తో అత్త రాస్తున్నది.

బొమ్మ విడిగా పార్సెలు చేశాను. మానెయ్యమంటావేమోనని భయపడుతూనే చదివాను. బొమ్మే కదా అడిగావు, బతికాననుకున్నాను.

గోడంత కాగితం నాకెక్కడ దొరుకుతుంది? సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి పుట్టినరోజుకి సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ గాలివానకి ఊడి మన పెరట్లో పడింది. వెనకవైపు నల్లగా నున్నగా ఉంది. దాని మీద తెల్లరంగుతో వేశాను. నాకు చెయ్యి తిరిగింది ముగ్గే కాబట్టి మెలికల ముగ్గులాగే వేశాను. ముందు చుక్కలు పెట్టుకుని వాటి చుట్టూ గట్లూ, చేలకి నీళ్ళు పారే బోదెలూ తిప్పుకుంటూ వెళ్ళాను. అక్విడక్టు దగ్గర గోదారి, ఇటు కాలవ, కొబ్బరితోట, తోటలో పేకాట, పల్లె, చర్చి, అన్నీ కుదిరాయి. కంద బచ్చలి కూర కలుపుతున్న కాంతమ్మని కూడా వేశాను, ఆ పూట వాళ్ళింట్లో అదే వంట. అపరాధ భావం ఎలా గియ్యాలో తెలియలేదు. దాని బదులు తులసికోట వేశాను.

ఒక్కచోట తప్పు వచ్చింది, నీకు చెప్పకుండా ఉండలేను. పల్లె నుంచి సమాధుల తోటకి వెళ్ళే పుంత ఉంది చూడు, దాని పక్కన ఒక చుక్క మిగిలిపోయింది. చుక్కని ఒంటరిగా వదిలేస్తే ఇంటికి మంచిది కాదు. అందుకని సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి చేను గట్టుని పుంతలోకి కాస్త మెలిక తిప్పి ఆ చుక్కని కలిపేశాను. నిజానికి ఆ చోట గట్టు తిన్నగానే ఉంది. బెర్లిన్‌లో ఎవరు కొలుస్తారులే అనుకున్నాను.

పుంత అంటే గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు ఆ దారిన ఎదురెదురుగా రెండు బళ్ళు తప్పుకునేవి. ఇటు రైతూ అటు రైతూ ఏడాదికింత గట్టు జరిపి జరిపి ఇప్పుడు మనిషి పక్కకి తిరిగి నడవాల్సి వస్తోంది. పోయిన వానాకాలం కాంతమ్మ పెనిమిటి మోషే పోతే, పెట్టె మోసేవాళ్ళు దారి చాలక చేలో బురదలోకి దిగారు. ఒకడు జారాడు, పెట్టె ఒరిగింది. కాంతమ్మ ఆ మాట ఎవరితోనూ అనదు. డ్రోను పుంత మీదుగా వెళ్ళినప్పుడు మాత్రం తెర వంక చూడదు, బ్యాటరీలు సర్దుకుంటూ కూర్చుంటుంది.

మీ అత్త
రాజ్యం


బెర్లిన్,
20 సెప్టెంబరు 2025

అత్తా,

నువ్వు గెలిచావు. ఎగ్జిబిషన్ మొదలైంది. వచ్చినవాళ్ళందరూ ఉన్ని టోపీలు దాటి, చీకటి గది దాటి నీ ముగ్గు దగ్గరే ఆగిపోతున్నారు.

ఫ్లెక్సీని హాలు మధ్యలో పైకప్పు నుంచి వేలాడదీశారు. ఒకవైపు నీ ముగ్గు, రెండోవైపు నల్ల కళ్ళద్దాలూ బంగారు గొలుసుతో సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు, చుట్టూ జన్మదిన శుభాకాంక్షలు. అది పొరపాటున వచ్చిందని చెప్పాను. ఉర్సులా వినలేదు. అధికారం ఎప్పుడూ వెనక నిలబడి నవ్వుతుందనడానికి ఇంతకంటే ఏం కావాలంది. ఆయన ముందు నిలబడి ఒక ప్రొఫెసరుగారు చాలాసేపు ఏదో రాసుకున్నారు. తులసికోటని చూసి, ఇది నిఘా గోపురమా అని ఒకావిడ అడిగింది. అవునన్నాను. క్షమించు, ఆ హాల్లో కాదనడానికి నోరు రాదు.

హమీద్ చివర్లో వచ్చాడు. అందరూ వెళ్ళాక దగ్గరగా నిలబడి వేలితో చూపించి, "ఈవిడ గిన్నెలో ఏముంది?" అని అడిగాడు. ఇన్నాళ్ళలో ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న. కంద బచ్చలి అంటే ఏమిటో చెప్పడానికి అరగంట పట్టింది. శ్రద్ధగా విన్నాడు. ఆవ పెడతారా పెట్టరా అన్నంత వరకూ వచ్చింది వ్యవహారం.

ఇక్కడి తెలుగువాళ్ళ సభకి వచ్చిన ఒక పత్రికాయన కూడా చూసి ఫోటోలు తీసుకున్నాడు. పైనున్న చూపు నేల నిజాన్ని కొలుస్తోంది అని నేనేదో గంభీరంగా అన్నాను, ఆయన అది రాసుకున్నాడు. మన పేపర్లో వేస్తారేమో. వస్తే దాచిపెట్టు. అత్తా, నువ్వు మానెయ్యాలని ఇక అనను. మన ఇద్దరిలో నిజమైన కళాకారిణివి నువ్వే అంటున్నారు. పడుకునే ముందు ఆ మాట గుర్తొచ్చి కాస్త మండుతుంది, ఉదయానికి తగ్గిపోతుంది.

నీ
మాధవి


మన ఊరు,
12 అక్టోబరు 2025

మాధవీ,

ఏం చేశావే? నా కొంప ముంచావు.

వరసగా చెబుతాను. పేపర్లో వచ్చింది. 'బెర్లిన్‌లో కోనసీమ డ్రోన్ చిత్రం' అని పెద్దక్షరాలు. మొదటి రోజు పండగే. తన ఫ్లెక్సీ విదేశాల్లో వేలాడుతోందని సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు వరప్రసాదం హోటల్లో అందరికీ పూతరేకులు పంచారు. నాకు ఇంటికే పంపారు.

కానీ ఆ పత్రికాయన ఉన్నది రాసి ఊరుకోలేదు. డ్రోను సాయంతో పొలాల హద్దులు అంగుళం తేడా లేకుండా కొలిచి గీసిన పటం అని రాశాడు. నేల నిజాన్ని కొలవడమని నువ్వు అన్నావే, అదన్నమాట. మర్నాడు వరప్రసాదం పేపర్లో బొమ్మని సెల్‌ఫోనులో పెద్దది చేసుకుని చూసి, అందరి ముందూ, "ఏవండీ, ఈ మెలిక తమరి చేను దగ్గరిది కదండీ? పుంతలోకి వచ్చేసినట్టుందండీ" అన్నాడట. ఆయన కాఫీ సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయారట.

ఆ తర్వాత జరిగింది విను. తెల్లారి నేను చేలోకి వెళ్తే, ఆయన పాలేళ్ళు గట్టు తవ్వుతున్నారు. నేను మెలిక వేసిన చోట కాదు సుమా. అక్కడ తిన్నగానే ఉందని ఆయనకీ తెలుసు. ఆ చివర, మామిడి మొక్క దగ్గర, నేను బొమ్మలో గీయనే లేదు, అక్కడ. పొట్టమీదున్న వరి రెండు వరసలు పీకించి మరీ గట్టు వెనక్కి లాగిస్తున్నారు. నన్ను చూసి, "ఎలకలు బొరియలు చేసేస్తున్నాయండీ, రాజ్యంగారూ" అన్నారు. ఆయ్ అన్నాను. అది చూసి అటువైపు రైతులకీ గుబులు పట్టింది. డ్రోను ఇంకేం చూసిందో, ఇంకేం పేపర్లో వస్తుందోనని ఎవరి గట్టు వాళ్ళు సర్దుకున్నారు. వారం తిరిగేసరికి పుంతలో ట్రాక్టరు వెళ్ళింది మాధవీ. కాంతమ్మ ఆ చివర నుంచి ఈ చివరికి నడిచి వచ్చి, నా చేతిలో రెండు జామకాయలు పెట్టి వెళ్ళింది.

ఇప్పుడు అసలు సంగతి. గట్టు జరిపిన కోపం ఆయన నా మీద తీర్చుకుంటున్నారు. డ్రోనుతో ఊళ్ళోవాళ్ళ గుట్టు చూస్తున్నానని, ఆడవాళ్ళ దొడ్ల మీదుగా తిప్పుతున్నానని మండలానికి అర్జీ పెట్టారు. ఖాళీగా ఉన్న తన మేనల్లుడు దుర్గాశ్రీనివాస్‌కి డ్రోను ఇప్పించాలని కూడా అందులోనే రాశారు. నవంబరు పదిన ఆఫీసరమ్మ వచ్చి అందరి ముందూ తేలుస్తుందట.

నిన్న ఆయనే స్వయంగా మన వసారాలోకి వచ్చి కూర్చున్నారు. మజ్జిగ పుచ్చుకున్నారు. "అది ఉత్త ముగ్గేనని మీటింగులో ఒక్క మాట చెప్పెయ్యండి. అర్జీ వెనక్కి తీసేసుకుంటాను. డ్రోను మీ దగ్గరే ఉంటుంది" అన్నారు. అది నిజం కూడాను. ఉత్త ముగ్గే. కానీ ఆ మాట నా నోట వచ్చిన మర్నాడు గట్టు మళ్ళీ పుంతలోకి వస్తుంది. నాకేం తోచడం లేదే. నిద్ర పట్టడం లేదు.

ఫోను చెయ్యకు. నా ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే వినపడదు, స్పీకరు పెడితే వీధి చివరిదాకా వినపడుతుంది. ఉత్తరమే రాయి, కవరుకి రెండు పూతలు జిగురు పుయ్యి.

రాజ్యం


బెర్లిన్,
27 అక్టోబరు 2025

అత్తా,

నీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాను. ఊళ్ళోవాళ్ళని అడక్కుండా వాళ్ళ పొలాలూ, పేకాటా, వంటా తీసుకొచ్చి పరాయిదేశంలో వేలాడదీసింది నేను. నువ్వు మొహమాటానికి ఒప్పుకున్నావని తెలిసి కూడా తెలియనట్టు ఊరుకున్నాను. ఆకాశం మీద కేసు పెట్టినదాన్ని, నా మీద ఎవరు పెడతారు?

ఉర్సులాకి చెప్పాను. బాధపడుతుందనుకుంటే ఎగిరి గంతేసింది. కళ వల్ల గట్టు జరిగిందంటే అది చరిత్రట. నీ డ్రోను పోతుందంటే, పోతే పోనీ, ఆ పోవడం కూడా ఈ కళలో భాగమే అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మొదటిసారి ఆవిడ మీద కేకలేశాను. స్వీడన్ అబ్బాయి భయపడి నాకు ఒక ఉన్ని టోపీ ఇచ్చాడు.

ఈ కవర్లో ఒక కాగితం పెట్టాను. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, సంతకం పెట్టి, సంస్థ ముద్ర వేయించాను. 'ఇది కొలతల పటం కాదు, కేవలం అలంకారం కోసం గీసిన ముగ్గు. పుంత పక్కన ఉన్న మెలిక ఒక చుక్కని కలపడానికి తిప్పిందే' అని ఉంది. ఆఫీసరమ్మకి అది చూపించు. ఆ పేపరుకీ సవరణ పంపుతాను. ఇక్కడ గోడకీ తగిలిస్తాను. పుంత సంగతి తర్వాత వేరే రకంగా పోరాడచ్చు, ముందు నీ డ్రోను నిలబడాలి. నువ్వు మళ్ళీ వత్తులు చేసుకుంటూ కూర్చోవడం నేను ఊహించుకోలేను.

హమీద్‌కి కూడా చెప్పాను. "మా ఊరిని పైనుంచి చూసినవాళ్ళు ఎన్నేళ్ళో చూశారు. ఏ ఇంట్లో ఏం వండుతున్నారో ఒక్కడికీ పట్టలేదు. మీ అత్తకి పట్టింది" అన్నాడు. మీటింగు ఏమవుతుందో రాయమన్నాడు. ఆయన ఇప్పుడు మెట్ల కింద నుంచి కుర్చీ జరిపి కిటికీ దగ్గర వేసుకున్నాడు.

నీ
మాధవి


మన ఊరు,
18 నవంబరు 2025

చిరంజీవి మాధవికి, కార్తీక దీపాలు కాలవలో వదిలి వచ్చి అత్త రాస్తున్నది.

నీ కవరు మీటింగుకి ముందే అందింది. జిగురు ఎంత పట్టించావో గాని వరప్రసాదం విప్పలేకపోయాడు. రెండురోజులు నాతో ముభావంగా ఉన్నాడు.

మీటింగు స్కూల్లో పెట్టారు. ఊరూ పల్లే అందరూ వచ్చారు. డ్రోను బల్ల మీద పెట్టించారు. ఆఫీసరమ్మ చిన్నపిల్లే, మంచి మర్యాదస్తురాలు. అర్జీ చదివించి, పేపరు ముక్క నా ముందు పెట్టి, "అమ్మా, ఇది డ్రోనుతో చూసి ఉన్నది ఉన్నట్టు గీసిందేనా?" అని అడిగింది. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు నా వంకే చూస్తున్నారు, కాదను కాదను అన్నట్టు. నీ కాగితం నా చేతిసంచిలోనే ఉంది. సంచి మీద చెయ్యి కూడా వేశాను. గుమ్మం దగ్గర కాంతమ్మ బ్యాటరీల పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. దింపమన్నా దింపడం లేదు.

"ఆయ్" అన్నాను.

అంతే మాధవీ. ఇన్నేళ్ళలో ఎన్నివేల సార్లు అన్నానో ఆ మాట, మొహమాటానికి. ఈసారి మాత్రం మొహమాటం లేదు.

డ్రోను దుర్గాశ్రీనివాస్‌కి ఇచ్చేశారు, అర్జీలో ఉన్నది నేనే ఒప్పుకున్నట్టయింది కదా. వాడు ఆటోలో పెట్టించుకుని తీసుకెళ్తుంటే రెక్క ఒకటి తలుపుకి తగిలింది. జాగ్రత్త బాబూ అన్నాను. ఇంటికొచ్చి నీలం కోటు మడతపెడుతుంటే ఏడుపొచ్చింది. బాగా ఏడ్చాను. చేతులు ఖాళీగా ఉన్నాయే. పొద్దున లేవగానే బొటనవేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి. ఈ దుఃఖం ఇప్పట్లో పోదు, పోయిందని నీకు అబద్ధం రాయను.

నీ కాగితం పొయ్యిలో పెట్టాను, అలగకు. పేపరుకి సవరణ పంపకు. గోడకి తగిలించినది తీసెయ్యి. ఆకాశం నుంచి చూడటం తప్పంటావు, కావచ్చు. కానీ ఎవరూ చూడటం లేదనుకున్న రోజుల్లోనే కదా మన పుంత సన్నబడింది. నువ్వు నిజం చెప్పి నన్ను నిలబెడదామనుకున్నావు, నాకు తెలుసు. ఈ ఒక్క అబద్ధం ఉండనీ.

మొన్న ఆదివారం పల్లెలో ముసలాయన ఎలీషా గారు పోయారు. పెట్టెకి అటు ఇద్దరూ ఇటు ఇద్దరూ నడిచారు. ముందు బ్యాండు, వెనక జనం. ఒక్కరి కాలికీ బురద అంటలేదు. నేను గట్టు మీద నిలబడి చూశాను. కాంతమ్మ నా పక్కనే నిలబడింది. పుంత ఈ చివర నుంచి ఆ చివరిదాకా కళ్ళు తిప్పకుండా చూసింది.

దుర్గాశ్రీనివాస్‌కి చేలో పాములంటే భయమట. డ్రోను వాళ్ళ మావయ్యగారి షెడ్డులో ఎరువు బస్తాల పక్కన పడుంది. తన షెడ్డులోనే ఉన్నా, తోటలో పేకాడుతూ మోటారు సైకిలు చప్పుడు వినపడితే ఆయన చెయ్యి తువ్వాలు మీదికే వెళ్తోందట. మందు కొట్టించుకునేవాళ్ళు సంఘానికి వచ్చి రాజ్యంగారే కావాలని అడుగుతున్నారు. రెండో పంట దాళ్వాకి ఏమవుతుందో చూడాలి.

హమీద్ గారికి చెప్పు, కంద బచ్చలికి ఆవ పెట్టాల్సిందే. పొడి చేసి పార్సెలు పంపుతున్నాను. నీ ఫోను డబ్బాలోంచి తీసినా తియ్యకపోయినా ఉత్తరాలు మాత్రం మానకు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. డ్రోను పోయాక నా ముగ్గుకి విలువ పెరిగింది. పొద్దున్నే వాకిట్లో వేస్తుంటే, చేలోకి వెళ్ళే మగవాళ్ళు సైకిలు దిగి మరీ చూసి వెళ్తున్నారు. ఏ మెలిక ఎవరి చేనుదో అని. నిన్న దుర్గాశ్రీనివాసే వచ్చి చాలాసేపు నిలబడి, "అత్తయ్యగారూ, ఈ పక్కది మాదాండీ?" అని మెల్లిగా అడిగాడు. ఇంకా తేలలేదు బాబూ, చూస్తున్నాను అన్నాను. వాడు అటునించి అటే గట్టు చూసుకోవడానికి పొలం వెళ్ళాడు.

అందుకని ఇవాళ ఒక చుక్కని కలపకుండా వదిలేశాను. ఇంటికి మంచిది కాదంటారు గానీ, ఊరికి మంచిదేమో చూద్దాం.

మీ అత్త
రాజ్యం